స్టార్టరు మీద తువ్వాలు

మండవల్లి దాటి కొల్లేటి వైపు తిరిగాక, చేపల చెరువుల మధ్యగా ఒక మట్టిగట్టు పోతుంది. ఆ గట్టు చివర ఉంది పంపుషెడ్డు. పొద్దుగూకాక అటు రమ్మంటే ఆటోవాళ్లకి ఉన్నట్టుండి బండి పాడైపోతుంది. చెరువుల కాపలావాళ్లు చుట్టు తిరిగైనా వేరే గట్టు మీద పోతారు గానీ ఆ షెడ్డు పక్కనుంచి నడవరు.

తలుపుకి తాళం వేసే ఉంటుందట... లోపల మోటారు దానంతటదే తిరుగుతుందట. మనిషి ఉండడు — లైటు వెలుగుతుంది. గోడ మీద ఒక కన్ను మెల్లిగా మన వైపు తిరుగుతుంది...

ఇంతవరకూ దెయ్యం లేదు. ఇది నేను గట్టిగా చెప్పగలను. ముప్పయ్యేళ్లుగా ఏలూరులో ఆడపిల్లల హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నదాన్ని. విజయకుమారి టీచరంటే దెయ్యాల కథలు చెప్పిన పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచరని పేరు.

ఆ షెడ్డు ఒక ల్యాబు. రిమోట్ ల్యాబంటారు. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజినీరింగు కాలేజీ ఉంది, పేరెందుకులెండి. గవర్నమెంటు కొల్లేట్లో అక్రమ చెరువుల గట్లు కొట్టించేసిన ఏడు ఆ కాలేజీ చైర్మన్ గారి చేపల చెరువులు పోయాయి, పంపుషెడ్డు మిగిలింది. ఊరికే పడుండడం ఎందుకని అందులో పొడుగాటి గాజు కాలవ కట్టించారు. కెమెరా బిగించి, మోటారుకి కంప్యూటరు పెట్టె తగిలించారు. పిల్లలు గూడెంలో ఏసీ గదిలో కూర్చుని మౌసు నొక్కితే ఇక్కడ మోటారు తిరిగి కాలవలో నీళ్లు పారతాయి. ఎంత ఎత్తున పారాయో కెమెరాలో చూసి రాసుకోవడమే. చెయ్యి తడవకుండా ప్రయోగం!

మొదట విన్నప్పుడు, పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నాను. తర్వాత ఆలోచిస్తే, మా స్కూల్లో క్లాసు క్లాసంతటికీ ఒక్కటే వోల్టుమీటరు. దూరం నుంచైతేనేం, వాళ్ల పిల్లలు ఏదో ఒకటి కదుపుతున్నారుగా అనిపించింది. కాబట్టి ఆ సామాను మీద నాకు కోపం లేదు. నా కోపమంతా మనుషుల మీదే.

ఈ కథ నాకు చెప్పింది మోయిన్. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లకి అన్న. ఏలూరులో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆ షెడ్డులో వైర్లు లాగిందీ, కెమెరా పెట్టిందీ వాడే. మా ఇంటి కంప్యూటరు విప్పి కూర్చున్నవాడు, కరెంటు పోయేసరికి చీకట్లో స్క్రూడ్రైవరు పట్టుకుని గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. వాడు చెప్పిందే చెబుతున్నాను.

ఆ షెడ్డులో ఆనంద్ పాల్ అనే కుర్రాడు ల్యాబ్ అసిస్టెంటుగా ఉండేవాడు. మండవల్లి పక్క ఊరే. తండ్రి లేడు. తల్లి దేవకుమారి, చెల్లెలు షారోన్. ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేవాడు, వారమంతా ఈ మోటారుతో కుస్తీ పట్టేవాడు. మోయిన్‌కి వాడంటే ప్రాణం.

కొల్లేరంటేనే గుర్రపుడెక్క. సంపులోకి — అంటే పంపు కింద నీళ్లొచ్చి చేరే సిమెంటు గుంటలోకి — ఆ డెక్క కొట్టుకొచ్చి పంపు రెక్కలకి చుట్టుకుంటుంది. ఎవరో ఒకరు దిగి పీకాలి.

ఆ చెరువుల మీద ఒక పద్ధతి ఉంది. సంపులోకి దిగేవాడు భుజం మీది తువ్వాలు తీసి స్టార్టరు పిడికి వేలాడదీసి దిగుతాడు. స్టార్టరు మీద తువ్వాలుందంటే కింద మనిషున్నట్టే. ఇంకొకడు దాన్ని ముట్టుకోడు. ఆసామి వచ్చి గట్టు మీద నిలబడి బూతులు తిట్టినా సరే, చెరువులో చేపలు గాలాడక తేలిపోతున్నా సరే... దిగినవాడు పైకొచ్చి తన తువ్వాలు తనే తీసుకోవాలి. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. కానీ తప్పినవాణ్ణి నేనెరగనండీ అన్నాడు మోయిన్.

"మెయిన్ స్విచ్చి ఆపేసి దిగొచ్చుగా?" అని అడిగాను.

"ఆపితే కెమెరా కూడా ఆగిపోద్దండీ. పగటిపూట కెమెరా ఆగకూడదని ప్రొఫెసరు గారి ఆర్డరు."

ఆ ప్రొఫెసరు పేరు నరసింహమూర్తి. రిమోట్ ల్యాబు ఆయన మానసపుత్రిక. ఢిల్లీ నుంచి కమిటీ వాళ్లు దాన్ని చూడ్డానికి వచ్చిన రోజునే, 2007 వానాకాలంలో, డెక్క వచ్చి రెక్కలకి చుట్టుకుంది. ఆనంద్ పాల్ దిగాడు. ఎర్రగళ్ల తువ్వాలు సరిగ్గా కెమెరాకి ఎదురుగా పడేట్టు వేసి మరీ దిగాడు. అక్కడ చూసేవాళ్లు చూస్తార్లే అనుకున్నాడు, పిచ్చివాడు.

గూడెంలో కమిటీ వాళ్లు కుర్చీల్లో అటూ ఇటూ కదులుతున్నారు. మూర్తి గారు మౌసు నొక్కారు...

వాణ్ణి పైకి తీసిన నలుగురిలో మోయిన్ ఒకడు. అప్పటికీ తువ్వాలు స్టార్టరు మీదే ఉంది. అది తెచ్చి తల్లి చేతిలో పెట్టింది మోయినే.

తర్వాత మూర్తి గారు ఏమన్నారో తెలుసా? కెమెరాలో తనకేమీ కనపడలేదన్నారు. కుర్రాడు చెప్పాపెట్టకుండా దిగాడన్నారు. తాగి దిగాడన్నారు. కాలేజీ అదే పట్టుకుంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు, ఇక్కడ చచ్చాక కల్లు కూడా ముట్టని కుర్రాడు తాగుబోతయ్యాడు. చర్చి సంఘంలో పెద్దలు మొహం తిప్పుకున్నారు. సమాధి దగ్గర ప్రార్థన గబగబా ముగించేశారు. ఎప్పుడూ ముందు వరసలో చాప మీద కూర్చునే దేవకుమారి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోవడం మొదలెట్టింది.

ఆవిడ నష్టపరిహారం అడగలేదు. ఒకటే అడిగింది — నా బిడ్డ తాగలేదని, ఆ మాట అన్నాయన నోటితోనే ఒక్కసారి చెప్పించండి, చాలు.

ఎవరు చెప్పిస్తారు? మూర్తి గారు దయ తలచి షారోన్‌కి కాలేజీ కంప్యూటర్ గదిలో ఉద్యోగం వేయించారు. పిల్లల చేత రిమోట్ ల్యాబు ప్రయోగాలు చేయించే ఉద్యోగం... అన్నని చంపిన మౌసు చెల్లెలి చేతికిచ్చారన్నమాట! ఆయనకి అది తట్టనైనా లేదు. ఆ పిల్ల "సరేనండీ", "అలాగేనండీ" తప్ప ఇంకోమాట ఎరగదు. మెతక పిల్ల అనుకున్నారు.

అప్పట్నించి మొదలైంది.

ప్రయోగం మధ్యలో స్క్రీను మీద, స్టార్టరు దగ్గర, ఎర్రగా ఏదో ఊగేది. పిల్లలు జడుసుకుని కుర్చీల్లోంచి లేచేవారు. షెడ్డుకి మనిషిని పంపితే అక్కడ ఏమీ ఉండేది కాదు. మూర్తి గారు కెమెరా మార్పించారు. కొత్త కెమెరాలోనూ అదే తువ్వాలు. ఆనంద్ పాల్ తర్వాత చేరిన అసిస్టెంటు నెల తిరక్కుండా మానేశాడు. రాత్రిపూట సంపులోంచి డోలక్ మోత వస్తోందని కాపలావాడు తాళాలు పారేసి పోయాడు. ఇక ఆ గట్టు మీదికి మనుషులు రావడం మానేశారు.

2008 డిసెంబరు. కమిటీ మళ్లీ వస్తోంది. ఈసారి చూసి బాగుందంటే మూర్తి గారు ప్రిన్సిపాలవుతారు. సరిగ్గా ముందురోజు సాయంత్రం మోటారు మొరాయించింది. మళ్లీ డెక్కే.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆయన వెంటనే జీపు తీయించారు. ఏలూరులో ఉన్న మోయిన్‌ని నేరుగా షెడ్డు దగ్గరికి రమ్మన్నారు. షారోన్‌కి ఒక పని అప్పగించారు — "నువ్వు సిస్టం ముందే ఉండమ్మా. బాగయ్యాక నేను ఫోన్ చేస్తాను. అప్పుడు నొక్కి చూడు. నేను చెప్పేదాకా నొక్కకు."

"అలాగేనండీ" అంది షారోన్.

కైకలూరులో రెట్టింపు కూలి ఒప్పుకుని ఇద్దరు మనుషుల్ని జీపెక్కించుకున్నారు. గట్టు చేరేసరికి చీకటి పడిపోయింది. చలి. చెరువుల మీద మంచు దిగుతోంది. డ్రైవరు వెంకట్రాజు జీపు రోడ్డు మీదే ఆపేసి, తనకి జ్వరం వచ్చేట్టుందన్నాడు. మిగిలినవాళ్లు గట్టెమ్మట నడిచారు. మోయిన్ అప్పటికే వచ్చి షెడ్డు ముందు కూర్చుని ఉన్నాడు.

తాళం తీశారు. తలుపు కిర్రుమంది.

ముందు అడుగు పెట్టిన కూలి అక్కడే ఆగిపోయాడు...

స్టార్టరు పిడి మీద తువ్వాలు. ఎర్రగళ్లది. తడితడిగా ఉంది. కొసల్నుంచి నీళ్లు — టప్... టప్... — సిమెంటు మీద పడుతున్నాయి.

"మేం దిగమండీ" అన్నాడు వాడు, గుసగుసగా.

"ఏం? ఎందుకు దిగవు?"

"స్టార్టరు మీద తువ్వాలుందండీ. కింద మనిషున్నాడు."

"కింద ఎవడున్నాడయ్యా!" అని మూర్తి గారు అరిచారు.

"ఎవరున్నారో మీకే తెలవాలండీ" అన్నాడు రెండోవాడు. ఆ మాటతో ఇద్దరూ వెనక్కి తిరిగారు. మొదట నడిచారు, తర్వాత పరిగెత్తారు. కూలి డబ్బులు కూడా అడగలేదు.

మూర్తి గారు తువ్వాలు లాగి చెరువులోకి విసిరేశారు. "ఎవడో ఊళ్లోవాడు చేసిన వెధవ పని ఇది" అన్నారు.

ఆయనకి ఇంక దారి లేదు. పొద్దున్న కమిటీ. ప్రిన్సిపాలు కుర్చీ. చొక్కా విప్పారు, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచారు. జందెం చెవికి చుట్టుకున్నారు. "మెయిన్ ఆపెయ్యి మోయిన్" అన్నారు. ఇవాళ మెయిన్ ఆపొచ్చు, ఇవాళ దిగేది ఆయన కదా! మోయిన్ ఆపాడు. కెమెరా లైటు ఆరిపోయింది. ఆయన ఒకటికి రెండుసార్లు టార్చి వేసి చూసి, అప్పుడు ఇనప నిచ్చెన పట్టుకున్నారు.

గుండెల దాకా నీళ్లు. అడుగున బురద. నిచ్చెన ఒక గోడకుంది, పంపు నోరు ఎదురు గోడకి. ఆయన బురదలో కాళ్లీడ్చుకుంటూ అటు వెళ్లారు. గూట్లో పెట్టిన టార్చి వెలుతురులో డెక్క పీకడం మొదలెట్టారు. వేళ్లు పెట్టి... మెలిపెట్టి... చాలాసేపు పీకారు.

"సార్, ఇక్కడ సిగ్నల్ లేదండీ. గట్టు మీదికెళ్లి షారోన్‌కి ఫోన్ చేసొస్తానండీ" అన్నాడు మోయిన్ పైనుంచి.

"త్వరగా రా" అన్నారాయన. అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత కప్పలు, నీళ్లు, తన ఊపిరి తప్ప ఇంకేమీ వినపడలేదు.

చివరి డెక్కముక్క కూడా ఊడి వచ్చింది. రెక్కలు చేత్తో తడిమి చూసుకున్నారు. శుభ్రంగా ఉన్నాయి. "మోయిన్!" అని పిలిచారు. "అయిపోయిందయ్యా. రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. చెయ్యందించు."

కప్పలు అరుస్తూనే ఉన్నాయి.

"మోయిన్...?"

పైన — టక్.

చిన్న పచ్చలైటు వెలిగింది. కెమెరా లైటు.

ఆయన తలెత్తి చూస్తుండగానే కెమెరా మెడ తిప్పింది. గాజు కాలవ మీద నుంచి గోడ మీదికి... గోడ మీద నుంచి సంపు అంచుకి... అంచు మీద నుంచి కిందికి. ఆయన మొహం మీద ఆగింది.

పిల్లలకి సందేహాలొస్తే అసిస్టెంటుని అడగడానికి ఆ షెడ్డులో ఒక స్పీకరూ మైకూ ఉన్నాయి. ఆ స్పీకరు గరగరమంది. తర్వాత ఆడగొంతు, చాలా మెత్తగా —

"సార్... కిందే ఉన్నారా అండీ?"

"షారోన్! ఉన్నానమ్మా! నొక్కకు! మోయినెక్కడ? మెయిన్ ఎవరు వేశారు? నొక్కకు!"

"నొక్కట్లేదండీ. మీరు కదలకండి. కదిలితే నా వేలు కూడా కదులుద్దండీ."

ఆయన బిగుసుకుపోయారు. నిచ్చెన అవతల ఉంది. వీపు వెనకే పంపు నోరు. రెక్కలు తిరిగాయంటే బురదలో కూరుకున్న మనిషిని లాక్కోవడానికి రెండు క్షణాలు చాలు.

"ఆ రోజు మా అన్నయ్య కూడా కిందే ఉన్నాడండీ" అంది గొంతు. "తువ్వాలు మీకు కనపడలేదా అండీ?"

"లేదమ్మా... కనపడలేదు... చీకటిగా..."

"పగలండీ అది."

ఆయన చూపు నిచ్చెన వైపు పోయింది.

"పక్కన మా అమ్మ కూర్చునుందండీ. అమ్మకి చెప్పండి. తువ్వాలు కనపడిందా అండీ?"

"తల్లీ..."

"కనపడిందా అండీ?"

అప్పుడు ఏడ్చారట. ముక్కూ నోరూ ఏకమయ్యేలా ఏడ్చారట.

"కనపడింది! చూశాను! దిగేముందు ఫోన్ కూడా చేశాడు. తువ్వాలు తీసేదాకా నొక్కకండి సార్ అన్నాడు. కమిటీ వాళ్లు లేచిపోతున్నారమ్మా... ఎక్కేసి ఉంటాడులే, తువ్వాలు మర్చిపోయి ఉంటాడులే అనుకున్నాను... నేనే నొక్కాను. తాగలేదు. వాడు తాగలేదు! నేనే అబద్ధం చెప్పాను!"

స్పీకర్లో ఎవరిదో వెక్కు వినపడింది. తల్లిది.

తర్వాత ఆయన కేక. గట్టు మీదున్న మోయిన్‌కే కాదు, రోడ్డు మీద జీపులో ముసుగుతన్ని పడుకున్న వెంకట్రాజుకి కూడా వినపడిందట ఆ కేక. మోయిన్ పరిగెత్తుకొచ్చి చూసేసరికి ఆయన నిచ్చెనని కావలించుకుని ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. పైకి లాగి పడుకోబెడితే ఒకటే మాట —

"చేతులు... నీళ్లలో చేతులున్నాయి..."

మర్నాడు ఆయన కమిటీ ముందుకి రాలేదు. ఆ ఆదివారం మాత్రం దేవకుమారి వాళ్ల చర్చికి వెళ్లారు. ఆరాధన మధ్యలో లేచి, చేతులు కట్టుకుని, అందరి ముందూ చెప్పారు. ఆనంద్ పాల్ తాగలేదు. చంపింది నేను. తర్వాత స్టేషనుకి వెళ్లి అదే చెప్పారు. పాస్టరు గారు దేవకుమారి చెయ్యి పట్టుకుని ముందు చాప మీదికి తీసుకొచ్చి కూర్చోబెట్టారట. ఆ మాట చెబుతూ మోయిన్ కళ్లు తుడుచుకున్నాడు. నాకూ కడుపు నిండింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని నోరారా అన్నాను కూడా.

అప్పుడు కరెంటొచ్చింది. వెలుతురులో వాడి మొహాన్ని ముప్పయ్యేళ్లు ఆడపిల్లల దొంగతనాలు పట్టుకున్న కళ్లతో ఒక్కసారి చూసి, "ఏరా, తువ్వాలు ఎక్కడ కొన్నావు?" అన్నాను.

వాడు తలొంచుకున్నాడు. "కైకలూరులోనండీ. కాపలావాడు పారేసిన తాళంచెవితో ముందే వెళ్లి వేశానండీ."

"స్క్రీను మీద తువ్వాలు?"

"ఆనంద్ అంతకుముందు దిగినప్పటి పాత బొమ్మండీ. షారోన్ అప్పుడప్పుడు మధ్యలో కలిపేది."

"మెయిన్ వేసింది?"

"నేనేనండీ. వేసేసి గట్టెక్కి కూర్చున్నాను. ఆయన్ని భయపెట్టి నిజం చెప్పించాలని మేం ముందే అనుకున్నామండీ." స్క్రూడ్రైవరు కింద పెట్టి, "డోలక్ మాత్రం మేం కాదండీ" అన్నాడు.

"నోర్ముయ్. నీళ్లు గోడకి కొట్టుకుంటే డోలక్ లాగే వినపడుతుంది" అన్నాను. తర్వాత చడామడా తిట్టాను. మనిషి ప్రాణంతో ఆటలా? ఆ పిల్ల కోపంలో నిజంగా నొక్కి ఉంటే?

"నొక్కదండీ. నాకు తెలుసు. పక్కన వాళ్లమ్మ ఉంది కదండీ."

మరి చేతుల సంగతేమిటంటారా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చేసిన పాపమే ఆయనకి నీళ్లలో చేతులై కనపడి ఉంటుంది. అంతే. దెయ్యం లేదు, భూతం లేదు. ఇద్దరు పిల్లలు, ఒక కెమెరా. రిమోట్ ల్యాబు ఎవరికేం నేర్పిందో గానీ ఒక ప్రొఫెసరుకి మాత్రం పాఠం బాగా చెప్పిందని నేను ఆ తర్వాత స్టాఫు రూములో చాలామందికి నవ్వుతూ చెప్పాను కూడా.

మోయిన్ ఈ కథ చెప్పిన ఏడాది చివర్లో మా స్కూలుకి బి.ఎడ్. పిల్లలు పాఠాలు చెప్పడానికి వచ్చారు. అందులో సన్నగా, తలొంచుకుని ఉండే పిల్ల ఒకతె. పేరడిగితే షారోన్ అంది. ఊరు అడిగితే మండవల్లి దగ్గరంది.

పాఠం బాగా చెబుతుంది. వెనక బెంచీ పిల్లకి కూడా వినపడాలని గొంతు పెంచదు, తనే నడిచి దాని దగ్గరికి వెళ్తుంది. నాకు ముచ్చటేసింది. ఒక మధ్యాహ్నం స్టాఫు రూములో ఎవరూ లేనప్పుడు దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"మోయిన్ నాకంతా చెప్పాడమ్మా" అన్నాను. "నీ గుండె ఎంత మండి ఉంటుందో నాకు తెలుసు. అంత కోపంలోనూ చెయ్యి ఆపుకున్నావు చూడు... అది గొప్ప."

ఆ పిల్ల నావైపు చూసింది. మెత్తటి గొంతుతో, ఒంట్లో బాగోలేదని చెప్పినంత మామూలుగా అంది —

"నొక్కానండీ."

నాకు అర్థం కాలేదు.

"ఆయన అంతా చెప్పేశాక నొక్కానండీ. ఎక్కేసి ఉంటాడులే అనుకున్నానన్నాడు చూడండి... ఆ మాట విన్నాక ఇంక ఆగలేకపోయానండీ. అమ్మ చెయ్యి పట్టుకుని లాగుతానే ఉంది. నొక్కాను. మళ్లీ నొక్కాను. మళ్లీ నొక్కాను."

"మరి... కరెంటు లేదా?"

"ఉందండీ. స్క్రీను మీద ఆన్ అని వచ్చింది. మైకులో మోటారు మూలుగు వినపడింది. రెక్కలు మాత్రం తిరగలేదండీ. తిరిగేదాన్ని ఎవరో పట్టుకుని ఆపితే ఎలా మూలుగుద్ది... అలాగే మూలిగింది. మూడుసార్లూ."

ఫిజిక్సు టీచర్ని. అడగాల్సినవన్నీ అడిగాను. డెక్క చుట్టుకుని ఉంటుందన్నాను. శుభ్రంగా ఉన్నాయని ఆయనే అరవడం మోయిన్ విన్నాడండీ అంది. అలా బిగుసుకున్న మోటారు కాలిపోయి ఉండాలన్నాను. మర్నాడు కమిటీ ముందు మొదటి నొక్కుకే తిరిగిందండీ, నొక్కింది నేనే అంది. అంత మోటారుని ఆపే చేతులు మనుషులకి ఉండవు. మూర్తి గారు చూసిన చేతులు గుర్తొచ్చాయి.

"ఆ చేతులు..." అన్నాను.

"ఆయన్ని పట్టుకోలేదండీ. రెక్కల్ని పట్టుకున్నాయి."

బయట పిల్లలు ఆడుకుంటున్న గోల. ఆ పిల్ల కళ్లలో నీళ్లు లేవు. నేను వెతికిన శాంతి కూడా లేదు.

"అమ్మ రోజూ సమాధి దగ్గరికెళ్లి పూలు పెట్టొస్తదండీ. నీ చేతికి నెత్తురంటకుండా అన్నయ్యే ఆపాడే, వాడు దేవుడే అంటది. నేను వెళ్లట్లేదండీ." మెత్తటి ఆ గొంతు అప్పుడు మొదటిసారి వణికింది. "అన్నయ్య ఆ రెక్కల మీంచి చేతులు తియ్యాల్సిందండీ."